సానరాయి మీద పూసిన పూలు: ఉపరత్నాల పనితనంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆగ్రా పాలరాతి పని గురించి ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు రాసినప్పటి నుంచి రంగురాళ్ల మీద ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. వాటిలో ఉంగరాలకూ జాతకాలకూ సంబంధించినవి పక్కన పెట్టి, రాతిని కళావస్తువుగా మలిచే పనికి సంబంధించినవే ఈసారి తీసుకున్నాను. ఏ రాయి ఏ గ్రహానికి సరిపడుతుందో చెప్పే విద్య నాది కాదు. ఏ రాయి ఏ పనికి లొంగుతుందో మాత్రం పనివాళ్ల పక్కన కూర్చుని, చూసి, అడిగి తెలుసుకున్నాను.

ప్రశ్న: కెంపు, పచ్చ వంటి వాటిని రత్నాలనీ, అకీకు (అగేట్), స్ఫటికం వంటి వాటిని ఉపరత్నాలనీ అంటారు. ఈ తేడా దేన్నిబట్టి వచ్చింది? ఉపరత్నం అంటే తక్కువ రకం రాయి అనేనా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: ఈ విభజన ప్రకృతి చేసింది కాదు, బజారు చేసింది. పాశ్చాత్య వ్యాపారంలో వజ్రం, కెంపు, నీలం, పచ్చ అనే నాలుగింటినే రత్నాలుగా లెక్కించి మిగతావన్నీ రెండో వరుసలోకి నెట్టారు. మన నవరత్నాల లెక్క వేరు. అందులో ముత్యం, పగడం ఉన్నాయి, ఈ రెండూ అసలు రాళ్లే కావు. గోమేధికం ఉంది, అది గార్నెట్ జాతిది, పాశ్చాత్యుల లెక్కలో రెండో వరుస రాయి. అంటే ఒక దేశపు రత్నం ఇంకో దేశంలో ఉపరత్నం అవుతున్నది. చేతిపనివాడికి ఈ వరుసలతో అవసరం లేదు. రాయి ఎంత గట్టిది, ఏ దిక్కున చీలుతుంది, మెరుగు పడుతుందా, రంగు ఎండకు నిలుస్తుందా అన్నవే అతడు చూసుకుంటాడు. గోడంత పూలతీగను వజ్రాలతో ఎవరూ అల్లలేరు. అరచేతి వెడల్పున దొరికే అకీకు, ఇటుకరంగు జాస్పర్, నీలిరంగు లాపిస్ లాజులి ఉన్నాయి కాబట్టే ఆ కళ పుట్టింది.

ప్రశ్న: ఆగ్రా వెళ్లినప్పుడు పూలు పొదిగిన పళ్లెం ఒకటి కొన్నాము. పాలరాయేనని, పూలన్నీ అసలు రాళ్లేనని దుకాణంలో చెప్పారు. ఇంటికి వచ్చాక బంధువులు అది మెత్తరాయి అంటున్నారు. పళ్లెం పాడుకాకుండా ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉన్నదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఉన్నది. ముందుగా పళ్లెం అడుగుభాగంలో, ఎవరికీ కనపడని చోట, వేలిగోటితో గట్టిగా గీయండి. గీత పడి తెల్లటి పొడి రాలితే అది బలపపు రాయి కావచ్చు, లేదా జిప్సం జాతికి చెందిన అలబాస్టర్ కావచ్చు. పాలరాయి మీద గోటి గీత పడదు. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో రాళ్ల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు వరుస పెట్టాడు. ఆ వరుసలో మనం పలక మీద రాసే బలపపు జాతి ఒకటి, జిప్సం రెండు, పాలరాతికి మూలమైన కాల్సైట్ మూడు, స్ఫటికం జాతి క్వార్ట్జ్ ఏడు, ఇంగ్లీషులో కొరండం అనే కురువిందం తొమ్మిది, వజ్రం పది. మన గోరు రెండుకూ మూడుకూ మధ్యలో ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకు అది చాలు. మేకుతో మాత్రం గీయకండి, ఇనుము పాలరాతిని కూడా గీస్తుంది.

రెండో పరీక్ష రాత్రి పూట చేయండి. గదిలో దీపాలు ఆర్పి, పళ్లెం కింద సెల్‌ఫోన్ టార్చి వెలిగించండి. మంచి పాలరాయి వెలుతురును లోపలికి పీల్చుకుని మెత్తగా పరుస్తుంది. అప్పుడు పూరేకుల మీదికి చూడండి. అకీకు జాతికి చెందిన ఎర్రటి కార్నీలియన్ అయితే నిప్పుకణికలాగా వెలుగుతుంది. లాపిస్, ఆకుపచ్చని మాలకైట్, జాస్పర్ వెలుగును రానివ్వవు, అవి నల్లగానే ఉంటాయి. కాబట్టి అన్ని రేకులూ వెలిగితే అనుమానించాలి, ఏదీ వెలగకపోయినా అనుమానించాలి. చివరగా కళ్లు మూసుకుని వేలికొసను పూవు మీదుగా జరపండి. చేయి తిరిగినవాడు పొదిగిన పూవు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలియదు. గట్టు తగిలినా, రాయికీ పాలరాతికీ మధ్య రంగు కలిపిన లప్పం నిండి ఉన్నా, అది తొందర పని.

ఆ పని ఎందుకంత ఖరీదో చెప్పడానికి నేను చూసిన ఒక దృశ్యం రాస్తాను. తాజ్‌మహల్‌కు కొంచెం దూరంలో, ఒక ఇంటి ముందు వసారాలో నలుగురు పనిచేస్తున్నారు. ఒకాయన తెల్లని పాలరాతి పలకకు జేగురు రంగు పూస్తున్నాడు. తెల్లరాతి మీద గీసిన సన్నని గీత తెల్లగానే ఉండి కనపడదు, ఎర్రపూత మీద గీస్తే వెంటుకవాసి గీత కూడా తేటగా కనిపిస్తుంది. ఇంకొకాయన ముందు నిలువుగా తిరిగే సాన ఉన్నది. కుడిచేత్తో కమాను లాగుతూ సానను తిప్పుతున్నాడు, ఎడమచేతి రెండు వేళ్ల మధ్య గోరింటాకు ఆకంత కూడా లేని కార్నీలియన్ ముక్కను పట్టుకుని దానికి తాకిస్తున్నాడు. సానకు తడిపిన కురువిందపు పొడి పూసి ఉన్నది. పది పన్నెండు సార్లు తాకించి, తీసి, పలకలో ఉలితో తొలిచిన గుంటలో పెట్టి చూసి, మళ్లీ తాకించాడు. నేను అక్కడ కూర్చున్న గంటసేపట్లో మూడు రేకులు అయ్యాయి. ఆయన వేలికొసలు అరిగి నున్నగా ఉన్నాయి. ముక్క చిన్నదైతే రాయితోపాటు గోరు కూడా సానకు తగులుతుందని చెప్పాడు. మీ పళ్లెంలో పూరేకులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ధర ఎంత ఉండాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న ఆగ్రా పూల పళ్లెం మీద నూనె మరక పడితే నిమ్మచెక్కతో రుద్దాను. దేవుడి ఇత్తడి సామానుతోపాటు చింతపండుతో కూడా ఒకసారి తోమాను. ఇప్పుడు తెల్లభాగం మెరుపు పోయి సున్నం కొట్టిన గోడలాగా అయింది. ఆకుపచ్చ ఆకులు కూడా వెలిశాయి. బాగుపడుతుందా?
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: పాలరాయి సున్నపురాయికి తోబుట్టువు. రెండూ కాల్షియం కార్బొనేటే. చింతపండులో, నిమ్మరసంలో, పెరుగులో ఉన్న పులుపు దాన్ని కరిగిస్తుంది. ఇత్తడి మీద చిలుమును తీసేసే గుణమే ఇక్కడ రాతి పైపొరను తినేసింది. మాలకైట్ అనే ఆకుపచ్చ రాయి రాగి కార్బొనేట్, కాబట్టి దానికీ అదే గతి పట్టింది. లాపిస్‌లో కూడా కాల్సైట్ కలిసి ఉంటుంది, ముత్యపుచిప్ప సంగతి చెప్పనే అక్కరలేదు. ఎర్రటి కార్నీలియన్ ముక్కలు మాత్రం మీ పళ్లెంలో ముందులాగే మెరుస్తూ ఉంటాయి, చూడండి. అది క్వార్ట్జ్ జాతిది, వంటింటి పులుపు దాన్ని ఏమీ చేయలేదు.

పోయిన మెరుపు తిరిగి తేవచ్చు, కానీ ఇంట్లో కాదు. పాలరాయి మెరుగు పెట్టేవారు పైపొరను సన్నగా అరగదీసి మళ్లీ నునుపు తెస్తారు. పొదుగుపని ఉన్నదని ముందే చెప్పండి, గచ్చు మీద తిప్పే పెద్ద యంత్రం దాని మీద పెట్టకూడదు. ఇకమీదట మెత్తని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దితే చాలు. మరకలు తీయడానికి తాజ్‌మహల్‌కు పురావస్తు శాఖవారు వాడేది కూడా ఘాటైన మందు కాదు, ముల్తానీ మట్టి పూత. మట్టి ఆరుతూ మురికిని తనలోకి లాక్కుంటుంది, తర్వాత శుద్ధమైన నీటితో కడిగేస్తారు. మీ పళ్లెం మీది నూనె మరకకు కూడా ముల్తానీ మట్టిని నీళ్లతో ముద్దగా కలిపి ఒక రాత్రి పట్టించి చూడండి, రోజ్‌వాటర్, నిమ్మరసం వంటివి కలపకండి.

ప్రశ్న: తాజ్‌మహల్ గోడల మీది రాతిపూల పనిని ఇటలీవాళ్లు వచ్చి నేర్పారని ఒక గైడు చెప్పాడు. మనవాళ్లకు ఆ పని రాదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: ఈ వాదన నూరేళ్లకు పైగా నడుస్తున్నది. నా అభిప్రాయం చివర చెబుతాను, ముందు రెండు పనులకూ ఉన్న తేడా చూడండి.

ఫ్లారెన్స్ నగరంలో మెడిచి వంశపు పాలకుడు మొదటి ఫెర్డినాండో 1588లో గట్టిరాళ్ల పనికోసం ప్రత్యేకంగా ఒక కార్ఖానా పెట్టాడు. ఇటాలియన్ భాషలో ఆ పనిని పియెత్రా దూరా అంటారు, గట్టిరాయి అని అర్థం. ఆ సంస్థ ఇప్పటికీ ఉన్నది, కళాఖండాలను బాగుచేసే పనిలో పేరుపొందింది. అక్కడి పద్ధతిలో బొమ్మతోపాటు నేపథ్యాన్ని కూడా రాతిముక్కలతోనే కూరుస్తారు. చెట్టుకొమ్మను వంచి ఇనుపతీగ కట్టిన రంపానికి కురువిందపు పొడి అద్దుతూ పలుచని రాతిబిళ్లలను కోసి, ఒకదానికొకటి అతుకు తెలియకుండా జోడించి, వెనక మన మార్కాపురం పలకల వంటి నల్లరాతి పలకను అంటిస్తారు. రాతిలోని సహజమైన చారలను, మబ్బులను చిత్రకారుడు రంగు వాడినట్టు వాడుకోవడం వారి గొప్పతనం. పండు మీద ఎండపొడ పడిన చోటికి ఆ ఛాయ ఉన్న రాతిముక్కే వెతికి తెస్తారు.

ఆగ్రాలో జరిగేది వేరు. అక్కడ పాలరాతి పలక అలాగే ఉంటుంది. దానిలో గుంట తొలిచి రంగురాయిని పొదుగుతారు. దీన్నే పర్చిన్‌కారీ, పచ్చీకారీ అంటారు. నూర్జహాన్ తన తండ్రి మీర్జా గియాస్ బేగ్ కోసం 1622 నుంచి 1628 వరకు కట్టించిన ఇతిమాదుద్దౌలా సమాధిలో ఈ పని పెద్దఎత్తున కనిపిస్తుంది. తాజ్‌మహల్ పని మొదలైంది ఆ తర్వాత, 1632లో. అంతకు ఎంతో ముందే, పదహారో శతాబ్దంలో, ఢిల్లీలోని హుమాయూన్ సమాధి మీద ఎర్ర ఇసుకరాతిలో తెల్ల పాలరాతిని కూర్చిన పని ఉన్నది. రాతిలో రాతిని కూర్చడం మనవాళ్ల చేతికి కొత్త కాదు.

అయితే ఫ్లారెన్స్ పలకలు మొగలుల కొలువుకు చేరిన మాట నిజం. ఢిల్లీ ఎర్రకోట దివానీ ఆమ్‌లో షాజహాన్ సింహాసనం వెనక గోడ మీద పిట్టల బొమ్మలూ, వాటికి పైన తంత్రీవాద్యం వాయిస్తూ జంతువులను మైమరపిస్తున్న గ్రీకు పురాణపురుషుడు ఆర్ఫియస్ బొమ్మా ఉన్న నల్లరాతి పలకలు ఉన్నాయి. 1857 తర్వాత కొన్నింటిని ఒక ఆంగ్ల సైనికాధికారి ఊడదీసి లండన్‌కు తీసుకుపోగా, కర్జన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తిరిగి తెప్పించి అమర్చారు. మొగలుల పనివాళ్లు అటువంటి పలకలను చూశారు, పూరేకులో ఛాయ తేవడం ఎలాగో వాటినుంచి గ్రహించి ఉంటారని నేను నమ్ముతాను. కానీ ఖాళీ తెలుపును పూవు చుట్టూ అంత నిబ్బరంగా వదిలిపెట్టడం ఫ్లారెన్స్ పనిలో లేదు. ఆ గుణం ఇక్కడిది. ఈసారి వెళ్లినప్పుడు తాజ్ లోపల సమాధుల చుట్టూ ఉన్న జాలీతెర అంచున నిలబడి ఒక్క పూవునే ఐదు నిమిషాలు చూడండి. ఒకే రేకులో మొదలు దగ్గర ముదురు కార్నీలియన్, కొస దగ్గర లేత కార్నీలియన్ వేరువేరు ముక్కలుగా పెట్టి ఛాయ తెచ్చారు.

ప్రశ్న: గోదావరి ఇసుకలో మా అబ్బాయికి చారలు చారలుగా ఉన్న గులకరాళ్లు దొరికాయి. తడిపితే తేనెరంగులో మెరుస్తున్నాయి. ఇవి విలువైన రాళ్లా? ఎక్కడినుంచి వచ్చాయి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు రాసిన గుర్తులనుబట్టి అవి అకీకులే కావచ్చు. పనికిరాని గాజుముక్క మీద ఆ గులకరాయి అంచుతో గీయించండి. గాజు మీద గీతపడి, రాయి అరగకపోతే అది క్వార్ట్జ్ జాతిది. వెలుతురుకు అడ్డం పట్టినప్పుడు అంచుల్లో కాంతి కనిపించి, లోపల వరసలు తేలితే అది అకీకు. వెలుతురు రాకుండా ఇటుకరంగులోనో బెల్లంరంగులోనో ఉంటే జాస్పర్.

గోదావరి పుట్టిన త్ర్యంబకం నుంచి చాలా దూరం వరకు నల్లరాతి నేల మీదుగా ప్రవహిస్తుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కను మీద పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి ఆ నల్లరాయి అయింది. దోసె కాలేటప్పుడు పిండిలో కన్నాలు పడినట్టే, లావా చల్లబడేటప్పుడు వాయువులు బయటికి పోతూ దానిలో గుల్లలు ఏర్పడ్డాయి. ఆ గుల్లల్లోకి ఇసుకకు మూలమైన సిలికా కరిగిన నీరు ఊరి, గోడలకు ఒక్కో పొరగా పేరుకుంది. ఆ పొరలే మీ అబ్బాయి చూసిన చారలు. నల్లరాయి అరిగి మట్టి అయిపోయినా అంతకంటే గట్టిదైన అకీకు మిగిలి ఏటికి కొట్టుకువస్తుంది. మీ ఊరికి దగ్గరలో కాటేరు, పంగిడి ప్రాంతాల్లో కూడా అదే కాలపు లావారాయి పైకి కనిపిస్తుంది.

అమ్మితే పెద్దగా ఏమీ రాదు, దాచుకుంటే మాత్రం ఎంతో విలువ. కార్లకు రంగులు వేసేవారు వాడే వాటర్‌పేపర్ నాలుగు రకాలు, గరుకు నుంచి నునుపు వరకు, కొని ఇవ్వండి. రాయినీ కాగితాన్నీ ఎప్పుడూ నీటిలో ముంచే రుద్దమనండి. ఏడో మెట్టు రాయి కాబట్టి వారాలు పడుతుంది. పొడిగా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రుద్దనివ్వకండి, కారణం కింది జవాబులో ఉన్నది.

ప్రశ్న: గుజరాత్ నుంచి తెప్పించిన ఎర్ర అకీకు పూసల దండ కొన్నాను. వాటిని నిప్పుల్లో కాల్చి ఎర్రగా చేస్తారని విని బాధ కలిగింది. కాల్చినవి నకిలీ రాళ్లే కదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కావు. మట్టికుండ పచ్చిగా ఉన్నప్పుడు ఏ రంగులో ఉంటుందో, ఆవంలో కాలాక ఏ రంగుకు వస్తుందో మీకు తెలుసు. మట్టిలో ఉన్న ఇనుము నీటిని వదిలి ఎర్రబడుతుంది. అకీకులో జరిగేదీ అదే. గనిలోంచి తీసినప్పుడు అది మాసిన పసుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది. దానిలోని ఇనుపధాతువు వేడికి హెమటైట్‌గా మారి ఎరుపు వస్తుంది. రంగు బయటనుంచి పూసింది కాదు, రాతిలో నిద్రపోతున్నది లేచింది.

ఈ విద్య మీరు అనుకున్నదానికంటే చాలా పాతది. సుమారు 4500 ఏళ్ల కిందట సింధులోయ పనివాళ్లు చేసిన పొడుగాటి కార్నీలియన్ పూసలు ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల్లో దొరికాయి. గుజరాత్‌లోని లోథల్ తవ్వకాల్లో పూసలు చేసిన కార్ఖానా బయటపడింది. అక్కడికి ఎంతో దూరం కాని ఖంభాత్ పట్నంలో ఆ పని ఇప్పటికీ సాగుతున్నది. నర్మద పక్కన రతన్‌పూర్ ప్రాంతంలో తవ్విన రాళ్లను ఎండలో ఆరబెట్టి, మట్టికుండల్లో పెట్టి, బూడిదలోనో రంపపుపొట్టులోనో నిదానంగా వేడిచేస్తారు. తొందరపడితే రాయి పగులుతుంది. నేలలో ఏటవాలుగా పాతిన ఇనుపమేకు మొనకు రాతిని ఆనించి, పైనుంచి గేదెకొమ్ముతో చేసిన సుత్తితో తట్టి పెచ్చులు రాలుస్తారు. ఇనుపసుత్తి అయితే దెబ్బ గట్టిగా తగిలి రాయి చెడుతుంది, కొమ్ము దెబ్బను కొంత తాను మింగుతుంది. ఆ కొమ్ముసుత్తి చప్పుడు గచ్చు మీద గోళీలు పడినట్టు ఉంటుంది.

మీరు బాధపడవలసిన విషయం ఇంకొకటి ఉన్నది. అకీకును సాన పట్టేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు, వచ్చాక నయం చేసే మందు లేదు, క్షయ తేలికగా పట్టుకుంటుంది. ఖంభాత్‌లో ఈ పని ఎక్కువగా ఇళ్లలోనే జరుగుతుంది కాబట్టి సాన ముందు కూర్చున్న మనిషితోపాటు అదే గదిలో వంట చేసే భార్య, ఆడుకునే పిల్లలు కూడా ఆ దుమ్మునే పీలుస్తారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ దుమ్మును అక్కడికక్కడే లాగేసే పరికరాలను రూపొందించింది. తడిగా సాన పడితే దుమ్ము చాలావరకు లేవదు. ఇవన్నీ పెడితే పూస ధర కొంత పెరుగుతుంది. బేరం ఆడి ఆ కొంత తగ్గించుకునే హక్కు మనకు లేదని నేను అనుకుంటాను. దండ కొనేటప్పుడు ఇది తడిగా సాన పట్టిందా అని అడగండి. అమ్మేవారికి తెలియకపోయినా పదిమంది అడిగితే తెలుసుకుంటారు.

ప్రశ్న: లాపిస్ లాజులి దండ వేసుకుంటే మెడకు నీలం అంటుతున్నది. అసలు లాపిస్ రంగు విడుస్తుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: విడవదు. మన పాత గ్రంథాల్లో రాజావర్తం అన్నది ఈ రాయినే. దాని నీలం రాతి కణకణంలో ఉన్నది, పొడిచేసినా నీలంగానే ఉంటుంది కాబట్టే యూరప్ చిత్రకారులు దానితో అల్ట్రామెరైన్ అనే రంగు తయారుచేసుకున్నారు. అఫ్గానిస్థాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో సారెసంగ్ గనులు వేల ఏళ్లుగా దీనికి పుట్టిల్లు. మీ దండ బహుశా హౌలైట్ అనే తెల్లరాయికి నీలిరంగు పట్టించినది కావచ్చు, లేదా నాసిరకం లాపిస్‌కే రంగు పెట్టి ఉండవచ్చు. గోళ్లరంగు తీసే ద్రవంలో దూదిని ముంచి, ఒక పూస రంధ్రం దగ్గర రుద్దండి. దూది నీలమైతే అది రంగే. ఈ పరీక్ష నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఊళ్లో ప్రదర్శనకు వెళ్లి ఎంతో ముచ్చటపడి కొన్న దండ, ఆ సాయంత్రమే మా అమ్మ తెల్లచీర అంచును నీలం చేసింది. ఇప్పటికీ ఆ అంచు వెలిసిన నీలంలోనే ఉన్నది.

రంగు వేయడమే తప్పని నేను అనను. జర్మనీలోని ఇదార్-ఒబర్‌స్టయిన్ పట్నంలో అకీకును చక్కెరపాకంలో నానబెట్టి, గంధకామ్లంలో వేసి, చారల మధ్య పట్టిన చక్కెరను బొగ్గుగా మార్చి నల్లని ఆనిక్స్ చేసే విద్య పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నది. ఆ నలుపు పోదు. రంగు పెట్టామని చెప్పి అమ్మడం వ్యాపారం, దాచి అమ్మడం మోసం.

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ కత్తి చూశాను. జేడ్ అంత గట్టిరాయి అయితే దాని మీద బంగారాన్ని ఎలా పొదిగారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జేడ్ గట్టిదనం ఆరుకు కాస్త అటూఇటూ, క్వార్ట్జ్ కంటే తక్కువే. కానీ దాని లోపల సన్నని పోగులు కొబ్బరిపీచులాగా ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి కొడితే పగలదు. అందుకే దాన్ని ఉలితో చెక్కరు, కురువిందం వంటి గట్టిపొడితో అరగదీస్తూ ఆకారం తెస్తారు. అంచు కాగితమంత పలుచనైనా నిలుస్తుంది. జేడ్ పేరుతో రెండు వేరు రాళ్లు ఉన్నాయని 1863లో ఫ్రెంచి శాస్త్రవేత్త దామూర్ తేల్చాడు. మొగలులు వాడింది వాటిలో నెఫ్రైట్.

బంగారం మాటకు వస్తే, మనం కుందనపు బొమ్మ అంటామే, ఆ కుందనమే ఇక్కడ పనిచేసింది. బాగా శుద్ధిచేసిన బంగారాన్ని రేకుగా సాగగొడితే, వేడి అక్కర లేకుండా ఒత్తిడికే పొరకు పొర అతుక్కుంటుంది. జేడ్‌లో గాడి తీసి, దానిలో రాతిని కూర్చోబెట్టి, చుట్టూ ఆ రేకును ఉక్కుపుల్లతో నొక్కి నింపుతారు. నిప్పు పెట్టి అతికితే జేడ్ చిట్లుతుంది. ఈ పద్ధతి లేకపోతే ఆ కత్తిపిడి లేదు. అదే గదిలో 1209–10 నాటిదిగా చెప్పే, ఇల్తుత్‌మిష్ పేరున్న జేడ్ వ్యాసపీఠం కూడా ఉన్నది, ఈసారి దానిముందు కూడా కాసేపు ఆగండి.

ప్రశ్న: ఇవన్నీ ఉత్తరాది సంగతులు. తెలుగునేల మీద రంగురాళ్ల పని ఎప్పుడైనా ఉండేదా?
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: మీ జిల్లాలోనే ఉన్నది. భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతిపెట్టెల్లో స్ఫటికపు భరిణెలు, పూసలు, బంగారు పూలు దొరికాయి. వాటితోపాటు ఆరు పలకల స్ఫటికం ముక్క ఒకటి ఉన్నది, దాని మీద బ్రాహ్మీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. స్ఫటికం శుద్ధమైన క్వార్ట్జ్, ఇనుము దాన్ని గీయలేదు. రెండు వేల ఏళ్లకు ముందే మన పనివాడి దగ్గర దానికంటే గట్టిదైన పొడి, దాన్ని పట్టి ఉంచే పరికరం, అక్షరం వంకర పోకుండా నడిపే చేయి ఉన్నాయన్నమాట. ఆ పొడికి పేరైన కురువిందం అనే మాటా దాని తమిళ తోబుట్టువూ సముద్రాలు దాటి ఇంగ్లీషువాళ్ల నోట కొరండం అయ్యాయి.

కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండ చుట్టూ దొరికే ముదురెరుపు గార్నెట్లు ఇంకో కథ. పుదుచ్చేరి పక్కన ఉన్న అరికమేడు వంటి పాత రేవుల్లో దొరికిన గార్నెట్ పూసలను పరీక్షించి, వాటి లోపలి కణాల గుర్తులనుబట్టి అవి గరీబ్‌పేట రాళ్లతో సరిపోతున్నాయని పరిశోధకులు చెప్పారు. గార్నెట్ మీకు చూడాలని ఉంటే విశాఖ వైపు వెళ్లినప్పుడు కూడా చూడవచ్చు. అక్కడి కొండల్లో ఉన్న ఖోండలైట్ అనే రాతిలో ఆ ఎర్రటి గింజలు పొదిగినట్టు కనిపిస్తాయి. ఆ రాయి అరిగి రాలిన గింజలే భీమిలి తీరాన ఇసుక మీద ఎర్రని, నల్లని చారలుగా పేరుకుంటాయి. పొద్దున వాలు ఎండలో, అల వెనక్కి తగ్గిన వెంటనే, తడి ఇసుకను గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడండి. సిలికోసిస్ గురించి రాసిన మీదట ఒక్క మాట: ఆ ఇసుకను ఆరబెట్టి నూరకండి, తడిగా చూసి అక్కడే వదిలేయండి.